ఉప్పు తిన్న ఇనుము: గల్ఫ్ కాంక్రీటు నేర్చుకున్న పాఠం

స్లాబు పోసిన మర్నాడు గోనె పట్టాలు పరిచి నీళ్ళు కొట్టమని ఫోర్‌మన్ అంత గొడవ ఎందుకు చేస్తాడు? చువ్వల కింద అరచేతిలో పట్టే సిమెంటు బిళ్ళలు పెట్టలేదని ఇన్‌స్పెక్టరు పోత మొత్తం ఎందుకు ఆపేస్తాడు? మిక్సరు లారీలో వచ్చిన కాంక్రీటులో థర్మామీటరు గుచ్చి చూసి, వేడి ఎక్కువుందని నిండు లారీని వెనక్కి ఎందుకు పంపుతారు? గల్ఫ్‌లో కట్టుబడి పనిలో ఉన్న మనవాళ్ళలో ఈ మూడూ చూడనివారు అరుదు. ఎందుకని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "అది రూలు."

రూళ్ళు ఆకాశం నుంచి ఊడిపడవు. ఈ మూడింటి వెనకా ఒక చరిత్ర ఉంది. అందులో ఓడలున్నాయి, వంతెనలున్నాయి, కట్టిన పది పదిహేనేళ్ళకే పెచ్చులూడిన భవనాలున్నాయి. ఆ పెచ్చులు పట్టుకెళ్ళి ప్రయోగశాలల్లో ఏళ్ళ తరబడి పరీక్షించిన మనుషులున్నారు. ఇది రాస్తున్న నేను ఇంజనీరును కాను. ఇంటర్మీడియట్ చదివి, సైటు ఆఫీసులో టెస్టు రిపోర్టులు ఫైలు చేసే గుమాస్తాను. ఆ రిపోర్టుల్లో రోజూ కనిపించే 'క్లోరైడు', 'సల్ఫేటు', 'కవరు' అనే మాటలకు అర్థం వెతుక్కుంటూ చదివినదంతా మన పాఠకులకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఇనుము ఎరగని గోడలు

చమురు దొరకక ముందు ఈ తీరంలో ఇళ్ళు ఎలా కట్టేవారో తెలియాలంటే దుబాయి క్రీకు ఒడ్డున ఉన్న అల్ ఫాహిదీ పేటకో, బహ్రెయిన్‌లోని ముహర్రక్‌లో షేక్ ఈసా బిన్ అలీ ఇంటికో సెలవు రోజున వెళ్ళి చూడండి. గోడలు సముద్రంలోంచి తీసిన పగడపు రాయితో కట్టినవి. అతుకుకూ పూతకూ జిప్సం సున్నం. కప్పుకు తూర్పు ఆఫ్రికా నుంచి పడవల మీద తెచ్చిన మడచెట్టు దుంగలు. వాటి పైన ఖర్జూరపు ఆకుల చాపలు, ఆ పైన మట్టి. దుంగ పొడవు ఎంత ఉంటే గది వెడల్పు అంతే. అందుకే ఆ పాత ఇళ్ళలో చాలా గదులు మూడు, మూడున్నర మీటర్ల వెడల్పుకు మించవు.

ఆ గోడల్లో ఉప్పు లేదా అంటే కావలసినంత ఉంది. రాయే సముద్రపుది. ఉప్పు పొంగి పూత రాలిపోయేది, మళ్ళీ పూసుకునేవారు. కానీ గోడ లోపల తుప్పు పట్టే వస్తువంటూ ఏదీ లేదు. ఉప్పుతో కలిసి బతకడం తరతరాలుగా తెలిసిన మేస్త్రీలు కట్టిన ఇళ్ళవి.

1932లో బహ్రెయిన్‌లో, 1938లో సౌదీలోని దమ్మామ్ దగ్గర చమురు పడింది. ఆ తరువాత మెల్లమెల్లగా కాంక్రీటు వచ్చింది. కాంక్రీటుతో పాటు దాని కడుపులో ఇనుము కూడా వచ్చింది. అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుంది. అయితే ఉప్పుకూ లోహానికీ ఉన్న వైరం గురించిన పరిశోధన అంతకు చాలా ముందే, కాంక్రీటుతో సంబంధం లేని చోట మొదలైంది. ముందు అది చూద్దాం.

ఓడ అడుగున మొదలైన పరిశోధన

కొయ్య ఓడల అడుగును సముద్రపు పురుగు తొలిచేస్తుంది. దాన్ని ఆపడానికి బ్రిటిష్ నౌకాదళం 1761లో 'అలారం' అనే యుద్ధనౌక అడుగున రాగి రేకులు కొట్టించింది. వెస్టిండీస్ వెళ్ళి వచ్చిన ఆ ఓడను 1763లో పరీక్ష చేస్తే వింత కనబడింది. రాగి బాగానే ఉంది. దాన్ని పట్టి ఉంచిన ఇనుప మేకులు మాత్రం తుప్పు పట్టి పిండైపోయాయి, రేకులు చాలాచోట్ల ఊడిపోయాయి. ఇంకో వింత కూడా ఉంది. రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ఎక్కడెక్కడ మేకుకూ రాగికీ మధ్య పొరపాటున మిగిలిపోయిందో, అక్కడి మేకులు మాత్రం గట్టిగా ఉన్నాయి. రెండు లోహాలు ఉప్పునీటిలో ఒకదానికొకటి తగిలితే ఒకటి మరొకదాన్ని బలి తీసుకుంటుందన్నమాట. కారణం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు.

అరవై ఏళ్ళ తరువాత అదే నౌకాదళం ఈసారి రాగి రేకులే అరిగిపోతున్నాయని శాస్త్రవేత్త హంఫ్రీ డేవీని అడిగింది. 1824లో డేవీ చెప్పిన ఉపాయం ఇది: రాగికి చిన్న ఇనుప ముక్కో, జింకు ముక్కో తగిలించండి, అది కరిగిపోతూ రాగిని కాపాడుతుంది. తుప్పు అనేది విద్యుత్తుతో జరిగే పని అని ఆయన గ్రహించాడు. ఈ ప్రయోగాల్లో ఆయనకు సాయపడినవాడు మైకేల్ ఫారడే. ఉపాయం అక్షరాలా పనిచేసింది, రాగి అరగలేదు. కానీ అరుగుతున్న రాగి నుంచి వచ్చే విషమే అంతవరకూ ఓడ అడుగున నాచునూ గవ్వపురుగులనూ రానివ్వలేదు. రాగి అరగడం ఆగిపోయేసరికి అవి గుంపులుగా పట్టుకుని ఓడల వేగాన్ని తగ్గించేశాయి. మరుసటి ఏడే ఆ ముక్కలను పీకేయమని ఆజ్ఞ వచ్చింది. డేవీ సూత్రం తప్పు కాదు. ప్రయోగశాలలో నెగ్గిన ఉపాయం సముద్రంలో ఇంకో సమస్యకు దారి తీసింది, అంతే. ఈ సంగతి గుర్తుంచుకోండి, గల్ఫ్‌లో కూడా ఇలాంటిదే జరిగింది.

ఇరవయ్యో శతాబ్దంలో కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అనే పరిశోధకుడు ఒక్క ఉప్పునీటి చుక్కతో అసలు గుట్టు బయటపెట్టాడు. 1926 నాటి ప్రయోగం అది. నున్నని ఇనుప రేకు మీద రంగు మారే మందు కలిపిన ఉప్పునీటి చుక్క వేశాడు. కాసేపటికి చుక్క మధ్యలో నీలం రంగు, అంచున గులాబీ రంగు తేలాయి. గాలి తక్కువ తగిలే మధ్యభాగంలో ఇనుము కరుగుతోంది. గాలి బాగా తగిలే అంచున ఆ కరిగిన దాని విద్యుత్తు ఖర్చవుతోంది. అంటే ఒక్క చుక్క నీరే చిన్న బ్యాటరీ అయిపోయిందన్నమాట. తుప్పు పట్టాలంటే ఇనుము, నీరు, గాలి మూడూ కావాలి. ఉప్పు చేరితే కరెంటు సులువుగా పారుతుంది, పని వేగం పుంజుకుంటుంది.

కాంక్రీటు ఇచ్చిన కవచం

డేవీ తన పత్రం చదివిన 1824లోనే జోసెఫ్ ఆస్ప్డిన్ అనే ఇంగ్లీషు తాపీమేస్త్రీ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ సిమెంటులో ఇనుము పెట్టి వాడటం ఫ్రాన్సులో మొదలైంది. లాంబో అనే ఆయన 1848లో పడవ చేశాడు. 1867లో మోనియే అనే తోటమాలి పూలతొట్లకు పేటెంటు పొందాడు. ఈనాటి ఆకాశహర్మ్యాలకు తాతముత్తాతలు ఒక పడవా, కొన్ని పూలకుండీలూ.

ఇనుము కాంక్రీటులో ఎందుకు నిలుస్తుందో మొదట్లో వాడినవారికి పూర్తిగా తెలియదు. కాంక్రీటు గట్టి క్షారం. పీహెచ్ విలువ 12.5 పైమాటే. ఆ క్షారంలో ఇనుము ఒంటి మీద కంటికి కనిపించని పలుచని పొర కట్టుకుంటుంది. మందం చూస్తే వెంట్రుకలో పదివేల వంతుల్లో ఒక వంతు ఉంటుందేమో. ఆ పొర ఉన్నంతకాలం తుప్పు దరి చేరదు.

ఆ పొరకు శత్రువులు ఇద్దరు. ఒకటి గాలిలోని బొగ్గుపులుసు వాయువు. అది మెల్లగా కాంక్రీటులోకి దిగి క్షారాన్ని చల్లార్చేస్తుంది. రెండోది ఉప్పులోని క్లోరైడు. అది క్షారం ఎంత ఉన్నా లెక్కచేయదు. చువ్వ మీద ఏదో ఒకచోట పొరను చిల్లు పొడుస్తుంది. దాని అసలు దుర్మార్గం ఏమిటంటే, ఆ పనిలో అది ఖర్చు కాదు. ఒకచోట పని ముగించుకుని మళ్ళీ అదే క్లోరైడు పనికి సిద్ధమవుతుంది. మన భాషలో ఉప్పు తిన్నవాడు విశ్వాసంగా ఉంటాడంటారు. ఇనుము మాత్రం ఉప్పు తింటే కట్టిన ఇంటికే ద్రోహం చేస్తుంది.

తుప్పుకు ఇంకో గుణం ఉంది. ఇనుము కన్నా అది రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది కానీ లోపలి నుంచి చీలిస్తే తట్టుకోలేదు. చువ్వ ఉబ్బుతుంది, చువ్వ వెంబడి పగులు పడుతుంది, ఆ పగులులోంచి మరింత ఉప్పూ నీరూ దిగుతాయి, చివరికి పెచ్చు ఊడి కింద పడుతుంది. బాల్కనీ కింద నడిచేవారికి ఇది పుస్తకాల ముచ్చట కాదు, ప్రాణం మీది సంగతి.

హెలికాప్టర్లలో దిగిన సిమెంటు

1973 అక్టోబరు యుద్ధం తరువాత పీపా చమురు ధర కొన్ని నెలల్లోనే 3 డాలర్ల దగ్గర నుంచి దాదాపు 12 డాలర్లకు ఎగసింది. గల్ఫ్ దేశాల్లో డబ్బుకు కొదవ లేదు. రోడ్లు, రేవులు, ఆసుపత్రులు, బడులు, ఇళ్ళు అన్నీ ఒకేసారి కావలసి వచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు ఈ దారి పట్టడానికి మూలం ఆ నిర్మాణాల హడావుడే. రేవుల్లో చోటు చాలక ఓడలు నెలల తరబడి బయట లంగరు వేసుకుని ఉండేవి. 1976లో జిద్దాలో ఆగిపోయిన ఓడల నుంచి సిమెంటు బస్తాలను హెలికాప్టర్లతో దింపారంటే తొందర ఎంతో ఊహించుకోండి.

సిమెంటును గాలిలో తేగలరు గానీ ఇసుక, కంకర, నీళ్ళు ఇక్కడివే వాడాలి. ఇక్కడ మన గోదావరి, కృష్ణల్లాంటి నదులు లేవు, ఏటి ఇసుక లేదు. ఎడారి ఇసుక పిండిలా సన్నం. సముద్రపు ఒడ్డు ఇసుకలో ఉప్పు, గవ్వలు. కంకర కొట్టే సున్నపురాయి చాలాచోట్ల మెత్తనిది, దుమ్ము ఎక్కువ. బావి నీళ్ళు ఉప్పన. మామూలు సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటే గల్ఫ్ నీటిలో 40 నుంచి 45 గ్రాముల దాకా ఉంటుంది. తీరం వెంబడి 'సబ్ఖా' అనే చవుడు నేలలు ఉన్నాయి. వాటి కింద ఊటనీరు సముద్రం కన్నా కూడా ఉప్పన. పునాది ఆ నీటిని దీపపు వత్తి నూనె పీల్చినట్టు పైకి పీలుస్తుంది. పగలు 45 డిగ్రీల ఎండ, రాత్రి చెమట ఆరని తేమ. ఇనుముకు ఇంతకన్నా కష్టమైన చోటు భూమ్మీద వెతికినా దొరకడం కష్టం.

మరి కట్టడానికి పాటించిన పద్ధతులో? చాలావరకు యూరపు, అమెరికా పుస్తకాల నుంచి వచ్చినవి. చలిదేశాల్లో కాంక్రీటు త్వరగా గట్టిపడదని బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి కాల్షియం క్లోరైడు కలిపేవారు. ఇనుము ఉన్న కాంక్రీటులో దాన్ని కలపకూడదని అక్కడే 1977లో గాని నిషేధించలేదు. చలిదేశపు పుస్తకంలో చువ్వ మీద ఇంత కాంక్రీటు కప్పు చాలు అని రాసి ఉంటే ఇక్కడా అంతే వేశారు. పుస్తకం తప్పు కాదు, అది ఈ నేల కోసం రాసింది కాదు.

ఈ సంగతిని తొలిరోజుల్లోనే గట్టిగా చెప్పినవారిలో బ్రిటిష్ భూగర్భ నిపుణుడు పీటర్ ఫూక్స్, ఆయన సహచరుడు కొలిస్ ఉన్నారు. 1975, 1976ల్లో వారు రాసిన వ్యాసాల్లో మధ్యప్రాచ్యపు కంకర, ఇసుక, ఉప్పు, పగుళ్ళ గురించి విడివిడిగా హెచ్చరించారు. కానీ హెలికాప్టర్లలో సిమెంటు దింపుకునే రోజుల్లో హెచ్చరికలు చదివే తీరిక ఎంతమందికి ఉంటుంది?

పెచ్చులు ఏరిన పరిశోధకులు

1980లు వచ్చేసరికి లెక్క తేలింది. యాభై అరవై ఏళ్ళు నిలవాలని కట్టిన భవనాలు తూర్పు సౌదీ తీరంలో, బహ్రెయిన్‌లో, ఇంకా ఈ తీరమంతటా పది పదిహేనేళ్ళకే పగుళ్ళిచ్చాయి. పైన పటారం, లోన లొటారం.

దహ్రాన్‌లో 1963లో పెట్రోలియం, ఖనిజాల కళాశాల ఒకటి స్థాపించారు. 1975లో అది విశ్వవిద్యాలయమై, 1986 నుంచి కింగ్ ఫహద్ పేరుతో నడుస్తోంది. అక్కడి రషీదుజ్జఫర్, దఖీల్, అల్ గహ్తానీ అనే పరిశోధకులు పాడైన భవనాలను స్వయంగా పరీక్షించి, మధ్యప్రాచ్య వాతావరణంలో కాంక్రీటు ఎలా చెడిపోతోందో 1984లో అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ పత్రికలో ప్రకటించారు. దోషి ఎవరో ఒక్కరే అని వారు చెప్పలేదు. ఉప్పున్న సరుకు, పలుచని కవరు, తడపని కాంక్రీటు, వేడి, చవుడు నేల అన్నీ చేయి కలిపాయి. అందులో అన్నింటికన్నా పెద్ద నష్టం చువ్వల తుప్పు వల్లే జరిగిందని తేలింది.

అదే 1984లో బ్రిటన్‌కు చెందిన సిరియా అనే నిర్మాణ పరిశోధన సంస్థ గల్ఫ్ ప్రాంతానికే ప్రత్యేకంగా కాంక్రీటు మార్గదర్శిని వేసింది. 1985 అక్టోబరులో బహ్రెయిన్ ఇంజనీర్ల సంఘం ఈ ఒక్క సమస్య మీదే అంతర్జాతీయ సదస్సు జరిపింది. 1987లో, 1989లో మళ్ళీ జరిపింది. సౌదీ, బహ్రెయిన్‌లను కలిపే 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ వంతెన రహదారిని ఆ ఉప్పునీళ్ళ మీదే 1986 నవంబరులో తెరిచారు.

లోపలి తుప్పును గోడ పగలగొట్టకుండా పట్టుకునే పద్ధతి అప్పటికే వచ్చింది. కాలిఫోర్నియా రహదారుల శాఖలో రిచర్డ్ స్ట్రాట్‌ఫుల్ అనే ఇంజనీరు, 1929లో కట్టిన శాన్ మాటియో-హేవార్డ్ వంతెన తుప్పు పట్టడాన్ని పరిశీలిస్తూ 1957లో దీన్ని వివరించాడు. చువ్వకు ఒక తీగ తగిలిస్తారు. రెండో తీగను రాగి కడ్డీ, మైలుతుత్తం నీళ్ళు ఉన్న గొట్టానికి కలిపి, ఆ గొట్టాన్ని కాంక్రీటు మీద అక్కడక్కడ ఆనిస్తూ వోల్టేజి చదువుతారు. మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తోందని 90 శాతానికి పైగా నమ్మవచ్చు. 1977లో ఇది అమెరికన్ ప్రమాణమైంది. మీ సైటులో ఎవరైనా తీగలూ మీటరూ పట్టుకుని స్లాబు మీద గళ్ళు గీసుకుంటూ తిరుగుతుంటే, వారు చేస్తున్నది ఇదే.

స్ట్రాట్‌ఫుల్ అక్కడితో ఆగలేదు. 1973లో కాలిఫోర్నియాలోని స్లై పార్క్ దగ్గర ఒక వంతెన మీద కరెంటు పంపి చువ్వలను కాపాడి చూపాడు. ఓడల మీద ఓడిపోయిన డేవీ సూత్రం దాదాపు నూటయాభై ఏళ్ళకు కాంక్రీటులో పనికొచ్చింది. ఎడారిలో పారే చమురు పైపులను కాపాడేదీ ఆ సూత్రమే.

మందే విషమైన వేళ

డేవీ ఓడల సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. ఇక్కడి నేలలో క్లోరైడుతో పాటు సల్ఫేటు కూడా ఎక్కువ. సల్ఫేటు చువ్వ జోలికి పోదు, సిమెంటునే తినేస్తుంది. దానికి విరుగుడుగా సల్ఫేటు నిరోధక సిమెంటు వాడటం ఇక్కడ ఆనవాయితీ అయింది. బస్తా మీద 'టైప్ 5' అని ఉండేది అదే. అందులో ట్రైకాల్షియం అల్యూమినేట్ అనే పదార్థాన్ని బాగా తగ్గిస్తారు, ఎందుకంటే సల్ఫేటు దాడి చేసేది దాని మీదే.

దహ్రాన్ పరిశోధకులు వేర్వేరు సిమెంట్లతో దిమ్మెలు పోసి, చువ్వలు పెట్టి, ఉప్పునీటిలో ఉంచి ఏళ్ళ తరబడి చూశారు. 1990ల మొదట్లో వెలువడిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. మనం తగ్గించుకున్న ఆ పదార్థమే క్లోరైడును పట్టి కట్టేసే గుణం ఉన్నది. అది 2 శాతమే ఉన్న సిమెంటు కన్నా 14 శాతం ఉన్న సిమెంటులో చువ్వకు తుప్పు మొదలవడానికి రెండు రెట్లకు పైగా కాలం పట్టింది. ఒక శత్రువుకు వేసిన మందు రెండో శత్రువుకు తలుపు తీసిందన్నమాట. నిజానికి 1985 నాటి బ్రిటిష్ ప్రమాణంలోనే దీని ఛాయ ఉంది. మామూలు సిమెంటుతో చేసే కాంక్రీటులో సిమెంటు బరువులో 0.4 శాతం క్లోరైడు దాకా ఒప్పుకున్న ఆ పుస్తకం, సల్ఫేటు నిరోధక సిమెంటుకు 0.2 శాతమే అంది.

రెండు శత్రువులనూ ఒకేసారి ఆపాలంటే మామూలు సిమెంటులో సిలికా ఫ్యూమ్, కొలిమి చిట్టెం పొడి, థర్మల్ కేంద్రాల బూడిద వంటివి కలిపి కాంక్రీటులోని సన్న రంధ్రాలు పూడ్చడం మేలని పరిశోధనలు చెప్పాయి. డెలివరీ చీటీల మీద ఈ పేర్లు చూస్తుంటాం కదా, వాటి వెనక కథ ఇది.

ఆకుపచ్చ ఎపాక్సీ పూత చువ్వలదీ ఇలాంటి కథే. 1973లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక వంతెనలో మొదటిసారి వాడారు. తుప్పు సమస్య తీరిపోయిందనుకున్నారు. 1986లో ఫ్లోరిడా సముద్ర వంతెనల్లో అవే చువ్వలు కొద్ది ఏళ్ళకే తుప్పు పట్టి కనిపించాయి. పూత ఎక్కడ గీసుకుపోయిందో, ఎక్కడ ఊడిందో అక్కడి నుంచి ఉప్పు దూరింది. ఆకుపచ్చ చువ్వను ఇనుప గొలుసుతో లాగవద్దని, గీత పడితే వెంటనే రంగు పూయమని చెప్పేది ఊరికే కాదు.

క్యూబు చెప్పని నిజం

నా బల్ల మీదకు ఎక్కువగా వచ్చేవి క్యూబు రిపోర్టులు. ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు క్యూబును మిషన్‌లో పెట్టి పిండి చేస్తారు. నంబరు వస్తే పాస్. చాలామంది ఇంతటితో బిల్డింగు పాసైనట్టే అనుకుంటారు. చరిత్ర అలా చెప్పడం లేదు. క్యూబు మంచినీళ్ళ తొట్టిలో హాయిగా నానుతుంది. అదే కాంక్రీటుతో పోసిన పిల్లరు ఎండలో నిలబడుతుంది. పైగా ఉప్పునీళ్ళతో కలిపిన కాంక్రీటు మొదటి రోజుల్లో మామూలు దానికన్నా త్వరగా గట్టిపడుతుంది! అంటే ఏడో రోజు పరీక్షలో ఉప్పు మనకు మార్కులు ఎక్కువే వేయిస్తుంది. అప్పు తెచ్చి పండగ చేసుకున్నట్టు, బాకీ పదేళ్ళ తరువాత తీర్చాలి.

గల్ఫ్‌లో పెచ్చులూడిన భవనాల్లో ఎన్నో కట్టిన రోజున బలం పరీక్షలో నెగ్గినవే. బలం వేరు, మన్నిక వేరు. ఈ తేడాను నేర్పింది ఆ పరిశోధకులే. మన్నిక మాత్రం మిషన్‌లో కాదు, పనివాడి చేతిలో ఉంటుంది.

గోనె పట్టా తడిగా ఉంటే సిమెంటు పూర్తిగా పండి పైపొరలో రంధ్రాలు మూసుకుపోతాయి. ఎండిపోతే సన్న పగుళ్ళు పడి, చువ్వ మీద కప్పిన ఆ కాస్త కాంక్రీటూ జల్లెడ అవుతుంది. కవర్ బ్లాకు జరిగిపోయి 50 మిల్లీమీటర్ల కవరు 25 అయితే, ఉప్పు చువ్వను చేరే కాలం సగం కాదు, ఇంచుమించు నాలుగో వంతుకు పడిపోతుంది. వేడి కాంక్రీటు తొందరగా బిగిసిపోయి పగులుతుంది కాబట్టే స్పెసిఫికేషన్లలో సాధారణంగా 30-35 డిగ్రీల మధ్య ఎక్కడో ఒక హద్దు పెడతారు. ఎండాకాలం రాత్రిపూట పోతలు, నీళ్ళలో ఐసు కలపడం అందుకే. దహ్రాన్‌లో పదేళ్ళు చేసిన పరిశోధన ఫలితం చివరికి ఒక హోసు పైపు పట్టుకున్న మనిషి చేతిలోకి వచ్చి ఆగుతుంది. ఆ మనిషి మధ్యాహ్నం ఎండలో నీళ్ళు కొట్టకపోతే ఎన్ని పత్రాలు ప్రచురించినా వృథాయే.

ఇల్లు కట్టి చూడు

ఇక మన సంగతి. ఇక్కడ సంపాదించిన దానితో మనలో చాలామంది చేసే మొదటి పని ఊళ్ళో ఇల్లు కట్టడం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మనం ఇక్కడ ఉంటాం, ఇల్లు అక్కడ లేస్తుంది, ఫోటోలు ఫోనులో వస్తాయి. ఇక్కడ కంపెనీ భవనానికి మనం చేసే జాగ్రత్తలు మన సొంత ఇంటికి జరుగుతున్నాయా?

తీరప్రాంతం వారికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. విశాఖలో సముద్రం వైపు కిటికీ గ్రిల్ ఎన్నాళ్ళు ఉంటుందో అక్కడివాళ్ళను అడగండి. మన దేశంలోనూ దీని మీద పనిచేసే పరిశోధకులు ఎప్పటి నుంచో ఉన్నారు. అళగప్ప చెట్టియార్ ఇచ్చిన 300 ఎకరాల భూమి, 15 లక్షల రూపాయల విరాళంతో తమిళనాడులోని కారైకుడిలో కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థకు 1948లో శంకుస్థాపన జరిగింది. 1953లో అది తెరుచుకుంది. ఏ ప్రాంతంలో లోహం ఎంత తుప్పు పడుతుందో చూపే భారతదేశపు తుప్పు పటాన్ని తయారుచేసింది ఆ సంస్థే.

పనికొచ్చే లెక్కలు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 (2000 సంవత్సరపు ముద్రణ)లో ఉన్నాయి. ఇనుము ఉన్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. చువ్వ మీద కవరు మామూలు చోట 20 నుంచి 30 మిల్లీమీటర్లు, తీరప్రాంతపు కఠిన వాతావరణంలో 45, సముద్రపు నీటి తుంపర్లు తగిలేచోట 50. తడపడం మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, వేడి పొడి వాతావరణంలో పది రోజులు. బూడిద కలిపిన సిమెంటుకైతే పది, ఎండల్లో పద్నాలుగు. సముద్రం లేని కరీంనగర్, కడపల్లో ఉప్పు బెడద తక్కువే గానీ అక్కడ కూడా బొగ్గుపులుసు వాయువు ఊరుకోదు, పలుచని కవరు ఉంటే అదే చువ్వ దాకా చేరుతుంది. బోరు నీళ్ళు ఉప్పనగా ఉన్న ఊళ్ళు మనకు తక్కువేమీ కావు.

ఖర్చు లెక్క చూస్తే ఇవన్నీ చవకైన పనులే. నీటి పరీక్షకు, నాలుగు కవర్ బ్లాకులకు, పది రోజుల తడుపుకు అయ్యేది ఇంటి ఖర్చులో ఏ మూలకూ రాదు. పెచ్చులూడిన తరువాత చేసే మరమ్మతు మాత్రం మళ్ళీ ఒక వీసా ఖర్చంత అవుతుంది. గల్ఫ్ దేశాలు ఈ పాఠాన్ని పాడైన భవనాలకు కోట్లు పోసి నేర్చుకున్నాయి. ఆ భవనాలు కట్టిన చేతుల్లో మనవీ ఉన్నాయి కాబట్టి, ఆ పాఠం మీద మనకూ హక్కు ఉంది.

ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు స్లాబు అయిందా అని మాత్రమే అడగకండి. ఏ నీళ్ళు వాడుతున్నారు, చువ్వల కింద ఏం పెట్టారు, ఎన్ని రోజులు తడుపుతారు అని కూడా మేస్త్రీని అడగండి.